సైకిల్ చైన్ మార్చాలా, బిగిస్తే చాలా? టేపు పెట్టి తేల్చుకోండి

మా వీధిలో సైకిల్ ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒక రోజు నాకీ ప్రశ్న వస్తుంది. "చైన్ లూజయింది, మార్చాలా? షాపులో లింకు తీస్తే చాలంటున్నారు." మాటిమాటికీ అదే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ముందు ఒక్క మాట. చైన్ లూజవడం వేరు, అరగడం వేరు. లూజయినదాన్ని బిగించుకోవచ్చు. అరిగినదాన్ని మార్చాల్సిందే. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఇన్ని తిప్పలు.

నాకు ఈ తేడా తెలిసిరావడానికి మోకాలు పగిలింది. కొన్నేళ్ళ కిందట చైన్ వేలాడుతోందని ఒక షాపుకి తీసుకెళ్ళాను. "ఒక లింకు ఎగరగొడితే టైటయిపోతాది సార్" అన్నాడు, ఎగరగొట్టాడు, నిజంగానే టైటయింది. రెండు నెలలు బాగానే తిరిగాను. ఒక తెల్లవారుజామున మా తిరుపతిలో కపిలతీర్థం దాటి అలిపిరి వైపు ఎత్తులో లేచి నిలబడి తొక్కుతుంటే, చైన్ పళ్ళ మీద 'టక్'మని ఎగిరింది. కాలు ఒక్కసారిగా కిందికి జారి మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. వెనకాల బస్సు లేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఇంటికొచ్చి కొలిస్తే ఆ చైన్ ఎప్పుడో మార్చాల్సింది. లింకు తీయడంతో దాని రోగం కనిపించకుండా పోయింది, అంతే.

థియరీ కొంచెమే చెబుతాను. చైన్ 'సాగింది' అంటాం గానీ ఇనుము సాగదు. చైన్‌లో నూరు పైచిలుకు కీళ్ళుంటాయి. ఒక్కో కీలు దగ్గర పిన్నూ, అది తిరిగే చోటూ దుమ్ముతో రాపిడికి అరుగుతాయి. ఒక్కో కీలులో అరిగేది ఒకటి రెండు వెంట్రుకల మందమే. అన్నీ కలిస్తే చైన్ అర అంగుళం పెరుగుతుంది. కొత్త చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఫ్రీవీల్ (వెనక చక్రం మీద చైన్ తిప్పే పళ్ళ చక్రం) పళ్ళు ఆ దూరానికే కోసి ఉంటాయి. దూరం పెరిగిన చైన్ పళ్ళ లోతుల్లో కూర్చోక పైకెక్కి నడుస్తుంది. అన్ని పళ్ళూ పంచుకోవాల్సిన బరువు ఒకటి రెండు పళ్ళ మీద పడుతుంది. చైన్ తానొక్కటే అరగదు, ఫ్రీవీల్‌నీ వెంట తీసుకుపోతుంది. చైన్‌ని సమయానికి మార్చమనేది అందుకే.

కావాల్సినవి

- ఇనుప టేపు (వడ్రంగి వాడేది). టైలర్ల గుడ్డ టేపు వద్దు, అది చైన్ కంటే ఎక్కువ సాగుతుంది.
- పాత బనియన్ గుడ్డ, పాత టూత్ బ్రష్.
- కొంచెం కిరోసిన్, దొరక్కపోతే డీజిల్. పెట్రోల్ మాత్రం వద్దు, దాని ఆవిరికి నిప్పంటుకోవడానికి ఎక్కడో చిన్న రవ్వ చాలు.
- పాత ట్యూబు ముక్క, బ్రేకు కట్టేయడానికి.
- ఒక సంచీ, అందులో వేయడానికి రెండు ఇటుకలు.
- సుద్దముక్క లేదా పెయింట్ మార్కర్.

పిల్లల జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలుతో కొలవచ్చా అని అడుగుతారు. ఆ స్కేలుకి సున్నా ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, అంకెలు కూడా ఒక్కోసారి సరిగ్గా ఉండవు. మనం వెతికేది రెండు మూడు మిల్లీమీటర్ల తేడా. దానికా స్కేలు చాలదు.

కొలిచే పద్ధతి

1. ముందు చైన్ తుడవండి. మట్టి, నూనె కలిసి గట్టిపడిన చైన్ ఒక్కోసారి తక్కువ కొలత చూపిస్తుంది, పిన్ను అంచు కూడా కనబడదు. గుడ్డ మీద కాస్త కిరోసిన్ వేసి, కింది వరస చైన్‌ని పట్టుకుని పెడల్‌ని వెనక్కి తిప్పండి. జాగ్రత్త: చేయి ఎప్పుడూ చైన్ మధ్యలోనే ఉండాలి, పళ్ళ చక్రం దగ్గరికి పోకూడదు. పిల్లలు పెడల్ తిప్పుతుండగా పెద్దవాళ్ళు తుడవడం అసలు వద్దు. వేలు చైన్‌కీ చక్రానికీ మధ్య పడితే చివర తెగిపోతుంది. ఇది బెదిరింపు కాదు. లుంగీ, చున్నీ కూడా దోపుకుని కూర్చోండి.

2. చైన్‌కి కవర్ ఉంటే విప్పండి. పాత తరహా సైకిళ్ళకు పూర్తి గేర్‌కేస్ ఉంటుంది, దాన్నీ తీయాల్సిందే. సగం కవరే ఉంటే ఒక్కోసారి దాన్ని తీయకుండానే పై వరస కనిపిస్తుంది.

3. సైకిల్‌ని స్టాండేసి, ముందు చక్రం గోడకి ఆనించండి. వెనక బ్రేకు లివర్ నొక్కి ట్యూబు ముక్కతో కట్టేయండి. ఇప్పుడు కుడి పెడల్ ముందుకి, నేలకి సమాంతరంగా ఉండేలా పెట్టి దానికి ఇటుకల సంచీ తగిలించండి. పై వరస చైన్ కర్రలా బిగుసుకుంటుంది. అలా బిగిసి ఉన్నప్పుడే కొలవాలి. వేలాడే చైన్‌ని కొలిస్తే వచ్చే అంకెకి అర్థం లేదు.

4. పై వరసలో ఎడమ వైపు ఒక బయటి ప్లేటు ఎంచుకోండి. దానికి రెండు పిన్నులుంటాయి. ఎడమ పిన్ను తల మీద సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి కుడికి బయటి ప్లేట్లు లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు... పదిహేను. పదహారో ప్లేటు ఎడమ పిన్ను మీద రెండో గుర్తు. బయటి ప్లేటూ, దాని పక్కన లోపలి ప్లేటూ కలిస్తే ఒక అంగుళం. అంటే మీరు గుర్తుపెట్టిన దూరం కొత్త చైన్‌లో పదిహేను అంగుళాలు, సరిగ్గా 38.1 సెంటీమీటర్లు.

5. టేపు కొన దగ్గర ఉండే కొక్కెం కొంచెం కదులుతుంది. అది అలా కదిలేలాగే తయారుచేస్తారు. కాబట్టి సున్నా నుంచి కొలవకండి. టేపు మీద 10 సెంటీమీటర్ల గీతను మొదటి పిన్ను ఎడమ అంచుకి పెట్టండి. రెండో గుర్తు పిన్నుకి కూడా ఎడమ అంచు దగ్గరే అంకె చదవండి. కన్ను సరిగ్గా ఆ పిన్ను ఎదురుగా ఉండాలి. పక్క నుంచి చూస్తే ఒక మిల్లీమీటరు అటో ఇటో పోతుంది.

6. అంకె రాసుకోండి. చైన్‌ని ముందుకి జరిపి ఇంకో రెండు చోట్ల ఇలాగే కొలవండి. చైన్ అన్ని చోట్లా ఒకేలా అరగదు. మూడింటిలో ఎక్కువ వచ్చిందే మీ అంకె.

అంకె ఏం చెబుతోంది?

10 దగ్గర మొదలుపెట్టారు కాబట్టి కొత్త చైన్ అయితే 48.1 రావాలి.

- 48.1 నుంచి 48.2: చైన్ బాగుంది. వేలాడుతుంటే అది బిగింపు సమస్యే. చక్రం వెనక్కి జరిపి బిగించుకోండి.
- 48.3: దాదాపు అర శాతం అరిగింది. వెనక 11 లేదా అంతకన్నా ఎక్కువ పళ్ళ చక్రాలున్న ఖరీదైన గేర్ సైకిల్ అయితే ఇప్పుడే మార్చండి. మిగతావాళ్ళు కొత్తది కొని పెట్టుకుంటే చాలు.
- 48.4: ముప్పావు శాతం దాటింది. 6 నుంచి 10 గేర్ల సైకిళ్ళకు ఇదే హద్దు.
- 48.5: ఒక శాతం. గేర్లు లేని మామూలు సైకిల్‌కి కూడా గడువు అయిపోయినట్టే.
- 48.6, ఆపైన: చైన్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కుదరకపోవచ్చు. ఫ్రీవీల్ సంగతీ చూడాలి. కింద చెప్పాను.

పిల్లల చిన్న సైకిళ్ళలో పదిహేను ప్లేట్లకు సరిపడా తిన్నని చోటు దొరకదు. అప్పుడు పది ప్లేట్లు లెక్కపెట్టండి. కొత్తదైతే 25.4 సెంటీమీటర్లు. 25.6 దాటితే మార్చే సమయం దగ్గరపడింది.

"ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో చెప్పండి, కొలిచే పని ఉండదు కదా" అంటారు. చెప్పలేను. తొండవాడ నుంచి పాల క్యాన్లు కట్టుకుని వచ్చే ఆయన సైకిలూ, ఆదివారం పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌లో చెట్ల నీడన నాలుగు రౌండ్లు కొట్టే సైకిలూ ఒకే లెక్కలోకి ఎలా వస్తాయి? ఆ పాలాయన చైన్ నేను కొలిచినప్పుడు 48.7 వచ్చింది. బరువు, దానికి తోడు స్వర్ణముఖి ఇసుక ట్రాక్టర్ల నుంచి రోడ్డు మీద రాలిన సన్న ఇసుక. నూనె తడికి ఇసుక అంటుకుంటే అది చైన్ కాదు, ఆకురాయి. "ఇంకా తెగలేదు కదన్నా" అన్నాడు. నిజమే, చైన్ తెగేదాకా పనిచేస్తూనే ఉంటుంది. ఈలోపు ఫ్రీవీల్‌నీ, ముందు పళ్ళ చక్రాన్నీ తినేస్తుంది.

టేపు లేకపోతే

మొదటిది, లాగి చూడడం. ముందు పళ్ళ చక్రానికి ఎదుటి కొసన, అంటే హ్యాండిల్ వైపున, చైన్‌ని రెండు వేళ్ళతో పట్టి ముందుకి లాగండి. కొత్త చైన్ కదలదు. పంటి మీద నుంచి లేచి, పంటి ఎత్తులో సగం కనిపిస్తే చైన్ బాగా అరిగినట్టు. బాగా లూజుగా ఉన్న చైన్ కూడా కాస్త లేస్తుంది కాబట్టి, పెడల్ మీద బరువు ఉంచి చూడండి. ఇది చెడిపోయిన చైన్‌ని పట్టిస్తుంది గానీ 48.3, 48.4 మధ్య తేడా చెప్పదు.

రెండోది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. గేర్లు లేని సైకిళ్ళకే పనికొస్తుంది, అదీ చైన్ కొత్తగా వేసిన రోజు నుంచే మొదలుపెట్టాలి. కొత్త చైన్ బిగించాక వెనక చక్రం ఇరుసు ఎక్కడుందో, అది కూర్చునే గాడి పక్కన పెయింట్‌తో సన్న గీత పెట్టండి. తర్వాత బిగించినప్పుడల్లా చక్రం కాస్త కాస్త వెనక్కి పోతుంది. 112 పిన్నుల చైన్ పొడవు 56 అంగుళాలు. అది ఒక శాతం పెరిగితే 14 మిల్లీమీటర్లు. చైన్ పైనా కిందా రెండు వరసలు కాబట్టి చక్రం జరిగేది అందులో సగం, 7 మిల్లీమీటర్లు. ఇరుసు గీత నుంచి 7 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్ళిందంటే టేపు తీయకుండానే చైన్ పని అయిపోయిందని తెలుస్తుంది.

ఇప్పుడు లింకు తీసే వ్యవహారం దీంతో పోల్చి చూడండి. బయటి ప్లేటూ లోపలి ప్లేటూ కలిపి తీస్తే పోయేది ఒక అంగుళం. చైన్‌ని అంగుళం కత్తిరించాల్సి వచ్చిందంటే, మొదట సరిగ్గా వేసిన చైన్ అంత పెరిగిందన్న మాటే. 56 అంగుళాల మీద అంగుళమంటే దాదాపు 1.8 శాతం. హద్దుకి దగ్గర దగ్గర రెండింతలు. మొదటి నుంచే చైన్ ఒక లింకు ఎక్కువ వేసి ఉంటే తప్ప, లింకు తీయడం మరమ్మతు కాదు. మీ సైకిల్‌కి లింకు తీయాలని ఎవరైనా అంటే, తీయించే ముందు కొలవండి.

మూడోది, చైన్ చెకర్ అనే చిన్న ఇనుప పట్టీ. ఆన్‌లైన్లో దొరుకుతుంది. దాని మీద 0.5, 0.75, 1 అని అంకెలుంటాయి. చైన్‌లో పెడితే దిగిందా, మార్చాలి. దిగలేదా, ఉండనివ్వాలి. గేర్ సైకిల్ ఉన్నవాళ్ళు ఒకటి కొనుక్కోవడం మంచిది. ఎందుకంటే గేర్ సైకిల్‌లో లూజంతా వెనక స్ప్రింగ్ చేయి లాగేసుకుంటుంది, చైన్ ఎంత అరిగినా వేలాడదు. మామూలు సైకిల్ వేలాడి చెబుతుంది. గేర్ సైకిల్ ఏమీ చెప్పకుండా ఒక రోజు ఎత్తులో దెబ్బ కొడుతుంది. మోటార్ ఉన్న సైకిల్ అయితే ఇంకా తరచుగా చూసుకోండి, ఆ చైన్ మీద మన కాళ్ళ బలమే కాదు, మోటార్ బలం కూడా పడుతుంది.

ఆగండి, తప్పు చైన్‌దేనా?

'టక్'మన్న ప్రతిసారీ చైన్‌ని అనుమానించకండి. ఎప్పుడెప్పుడు కొడుతోందో లెక్కపెట్టండి.

పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకే చోట కొడితే, అది పెడల్ కడ్డీని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నో, పెడలో, వంగిన ముందు పళ్ళ చక్రమో. చైన్ మార్చినా ఆ చప్పుడు పోదు.

సుమారు రెండున్నర చుట్లకి ఒకసారి ఎగిరితే ఒకే ఒక్క లింకు బిగుసుకుని ఉంటుంది. ముందు 44 పళ్ళు, చైన్‌లో 112 పిన్నులు ఉంటే చైన్ ఒక పూర్తి రౌండు వేయడానికి పెడల్ రెండున్నర చుట్లు తిరగాలి. పెడల్‌ని మెల్లగా వెనక్కి తిప్పుతూ వెనక ఫ్రీవీల్ నుంచి బయటికొచ్చే చైన్‌ని చూడండి. ఒక లింకు తిన్నగా కాకుండా చిన్న మెట్టులా పైకి లేచి వస్తుంది. అక్కడ ఒక చుక్క నూనె వేసి, రెండు చేతులతో అటూ ఇటూ పక్కలకి మెల్లగా వంచితే వదులవుతుంది. వానల్లో వారం రోజులు బయట పడేసిన సైకిళ్ళకు ఇది మామూలే.

పెడల్ ముందుకి తిరుగుతోంది, చైనూ కదులుతోంది, చక్రం మాత్రం తిరగడం లేదంటే ఫ్రీవీల్ లోపలి కుక్కలు (చక్రాన్ని పట్టి తిప్పే చిన్న కొక్కేలు) పట్టడం లేదు. చైన్‌కి సంబంధం లేదు.

బలంగా తొక్కినప్పుడు మాత్రమే, లెక్కా పత్రం లేకుండా ఎగురుతోందా? అయితే చైనో, ఫ్రీవీలో, రెండూనో.

ఫ్రీవీల్ కూడా మార్చాలా?

వెలుతురులో పక్క నుంచి పళ్ళు చూడండి. మంచి పన్నుకి రెండు వైపులా వంపు ఒకేలా ఉంటుంది. అరిగిన పన్ను ఒక వైపు గుంట పడి, రంపం పన్నులా ఒకే దిక్కుకి వంగినట్టు కనిపిస్తుంది. అలా ఉంటే మార్చండి. వెనక 18 పళ్ళు, ముందు 44 ఉంటే వెనక పన్నుకి పని రెండు రెట్లకు పైగా ఎక్కువ, కాబట్టి వెనకదే ముందు పోతుంది. ముందు పళ్ళ చక్రం చాలాకాలం వస్తుంది.

కంటికి తేలకపోతే కొత్త చైన్ వేసి తొక్కి చూడడమే. కొత్త చైన్ ఎగిరితే పాత ఫ్రీవీల్ పనికిరాదు. ఇక్కడే చాలామంది షాపువాడితో గొడవ పడతారు: "పాత చైన్‌తో బాగానే ఉంది, నీ కొత్త చైనే డూప్లికేటు." పాతవి రెండూ కలిసి అరిగాయి, ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. కొత్తది ఆ గుంటల్లో ఇమడదు. షాపువాడి తప్పేం లేదు. చైన్‌ని సమయానికి మారిస్తే ఒకే ఫ్రీవీల్ మీద రెండు మూడు చైన్లు నడుస్తాయి.

కొని బిగించడం

1. గేర్లు లేని సైకిల్ చైన్ వెడల్పుగా ఉంటుంది, షాపులో 1/2, 1/8 అంటే తెలుస్తుంది. గేర్ల చైన్ సన్నగా ఉంటుంది. గేర్ సైకిల్ అయితే వెనక ఎన్ని పళ్ళ చక్రాలున్నాయో లెక్కపెట్టి ఆ అంకె చెప్పండి. 7 గేర్లకి 10 గేర్ల చైన్ వేయకూడదు.

2. పాత చైన్ పక్కన కొత్తది పెట్టి పొడవు చూసి కత్తిరించకండి. పాతది పెరిగి ఉంది కదా! ఒక శాతం అరిగిన 112 పిన్నుల చైన్ ఒక పిన్ను దూరం కంటే ఎక్కువే పెరిగి ఉంటుంది. పొడవు కాదు, పిన్నులు లెక్కపెట్టండి. ఇంతకుముందు ఎవరో లింకు తీసి ఉంటే ఆ రెండు పిన్నులూ లెక్కలో కలపడం మర్చిపోకండి. లేకపోతే కొత్త చైన్ అందదు.

3. మామూలు సైకిల్ చైన్‌ని కలిపే లాకుకి చేప ఆకారంలో చిన్న క్లిప్ ఉంటుంది. మూసి ఉన్న వైపు చైన్ నడిచే దిక్కుకి ఉండాలి. పై వరసలో చూస్తే మూసిన వైపు ముందుకి, తెరిచిన వైపు వెనక్కి. తిరగేసి పెడితే దేనికైనా తగులుకుని క్లిప్ ఊడి ఎగిరిపోతుంది. నడిరోడ్డులో చైన్ పాములా కింద పడడానికి ఎక్కువ సార్లు కారణం ఇదే.

4. గేర్ సైకిల్ చైన్‌ని సుత్తి, మేకుతో కొట్టి పాత పిన్నునే మళ్ళీ దిగ్గొట్టనివ్వకండి. సన్న చైన్లలో ఆ పిన్ను మళ్ళీ గట్టిగా పట్టదు. క్విక్ లింక్ (పిన్ను కొట్టకుండా చైన్ కొసల్ని కలిపే లింకు) అడిగి వేయించుకోండి.

5. గేర్లు లేని సైకిల్‌కి ఇప్పుడు బిగింపు. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం అర అంగుళం ఆడాలి. పెడల్‌ని ఒక పూర్తి చుట్టు మెల్లగా తిప్పుతూ చూడండి, ఒక చోట బిగుతుగా, ఒక చోట వదులుగా ఉంటుంది. బిగుతుగా ఉన్న చోటే ఆ అర అంగుళం రావాలి. తీగలా లాగి బిగిస్తే తొక్కడం బరువవుతుంది, చైనూ బేరింగులూ త్వరగా పోతాయి. "కొత్తది కదా, ఫుల్ టైట్ చెయ్" అని మనమే చెప్పి చేయించుకుంటాం, అది మన తప్పే.

6. చక్రం నట్లు బిగించే ముందు టైరు రెండు పక్కలా ఫ్రేముకి సమాన దూరంలో ఉందో లేదో చూడండి. ఇది మరవకండి: చక్రం జరిపితే బ్రేకు కట్టెలు రిమ్ము మీద పడే చోటు మారుతుంది. ఇనుప రాడ్ల బ్రేకు ఉన్న సైకిళ్ళకు ఈ తేడా బాగా తెలుస్తుంది. బ్రేకు సరిచేసుకోకుండా రోడ్డెక్కవద్దు.

సరిగ్గా కుదిరిందా?

స్టాండు మీదే పెడల్‌ని వెనక్కి ఇరవై చుట్లు తిప్పండి. ఎక్కడా పట్టుకోకూడదు, లాకు దగ్గర మెట్టులా లేవకూడదు. తర్వాత రోడ్డు మీద. ఖాళీ రోడ్డు చూసుకోండి, లీలామహల్ సర్కిల్‌లో సాయంత్రం ఆరింటికి కాదు. మొదట కూర్చునే, కొంచెం కొంచెంగా బలం పెంచుతూ తొక్కండి. తర్వాత చిన్న ఎత్తు ఉన్న చోట గట్టిగా తొక్కండి, అప్పుడు కూడా సీటు మీదే ఉండండి. ఎగరకపోతేనే లేచి నిలబడి తొక్కండి. నా మోకాలు చెప్పిన పాఠం ఇది. గేర్ సైకిల్ అయితే వెనక ప్రతి పళ్ళ చక్రం మీదా ఈ పరీక్ష చేయాలి. మీరు రోజూ వాడే ఒకటి రెండు చక్రాలే అరిగి, మిగతావి కొత్తగా ఉంటాయి. ఎగిరేది కూడా ఆ అరిగినవాటి మీదే.

కొత్త చైన్‌ని టేపుతో ఒకసారి కొలిచి 48.1 వస్తోందో లేదో చూసుకోండి. మీరు కొలిచే పద్ధతి సరిగ్గా ఉందో లేదో కూడా దాంతో తేలిపోతుంది. కొత్తదానికే 48.4 దాటి వస్తే బహుశా మొదటి పిన్నుకి ఎడమ అంచు, రెండోదానికి కుడి అంచు చదివారు.

నూనె గురించి, అడుగుతారు కాబట్టి

కొబ్బరి నూనె వద్దు, జిగురుగా మారి దుమ్ము పడుతుంది. బైక్ సర్వీసింగ్‌లో తీసిన కాలిన ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు, అందులో అరిగిన ఇనుప పొడి ఉంటుంది. గ్రీజు పైపైనే పూతలా ఉండి లోపలి పిన్నుదాకా పోదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నూనె వేశామనుకోకండి, అది ఉన్న నూనెని కూడా కడిగేస్తుంది. చైన్ ఆయిల్ ఉంటే సరే, లేకపోతే కుట్టు మిషన్ ఆయిల్ చాలు, కాకపోతే అది పలచన కాబట్టి త్వరగా పోతుంది, తరచుగా వేయాలి. ఒక్కో రోలర్ (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కో చుక్క వేసి, పది నిమిషాలాగి, పైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి. నూనె లోపల ఉండాలి, పైన మెరవకూడదు.

మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల వానలు. ఆ మూడు నెలలూ తడిసిన రోజే చైన్ తుడిచి నూనె వేయండి. 2021 నవంబరు వరదలప్పుడు మా దగ్గర నీళ్ళలో మునిగిన సైకిళ్ళు చాలానే చూశాను. కడిగి ఆరబెట్టి వెంటనే నూనె పట్టించినవాళ్ళ చైన్లు బతికాయి. నీళ్ళు తగ్గాక చూద్దామని గోడకి ఆనించినవి కర్రల్లా బిగుసుకుపోయాయి, వాటికి టేపు కూడా అవసరం పడలేదు.

రోజూ తొక్కేవాళ్ళు నెలకోసారి, అప్పుడప్పుడూ తొక్కేవాళ్ళు మూడు నెలలకోసారి కొలిచి, అంకెనీ తేదీనీ సీటు అడుగున మార్కర్‌తో రాసుకోండి. నా సీటు కింద ఇప్పుడు 48.2 అని ఉంది.